జంట గీతల రాయి

నిరుడు మా చెల్లెలి మనవరాలు ఉంగరం కొనుక్కుంటానంటే తోడుగా కరీంనగర్‌లో ఒక నగల దుకాణానికి వెళ్లాను. గాజుబల్ల అవతల నిలబడ్డ అమ్మాయి ఉంగరాన్ని పెట్టెలోంచి తీసి, నోటి దగ్గర పెట్టుకుని ‘హా’ అని ఊపిరి వదిలింది. రాయి మీద తెల్లగా ఆవిరి కమ్ముకుంది. ఆమె గుడ్డ అందుకునేలోగా ఆ ఆవిరి అంచుల నుంచి నడుమకు మెల్లగా, బద్ధకంగా విడిపోతూ ఉంది. వజ్రమైతే రెప్పపాటులో తేటపడేది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. “ఏం చూస్తున్నవ్ అమ్మమ్మా? వజ్రం గాదులే, జర్కన్. డూప్లికేట్. పెట్టుకుంటే ఎవలకూ తెల్వది” అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎనభై దాటినా అది అక్కడి నుంచి దిగలేదు. “జర్కన్ అంటే డూప్లికేట్ అని నీకెవలు చెప్పిన్రు బిడ్డా?” అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయినట్టుంది, దుకాణమంతా తిరిగి చూసింది. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుని గిల్లింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కార్ఖానాల్లో కరిగించి తయారుచేసే తెల్లరాళ్లకు ఇప్పుడు ఆ పేరు తగిలించి అమ్ముతున్నారు. అసలు ఆ పేరుకు హక్కున్న రాయి వేరే ఉంది. దాన్ని ఎవరూ తయారుచేయలేదు, భూమి తన కడుపులో మోసి కన్నది. వజ్రంలాగే మెరుస్తుంది గనుక దానికి జీవితమంతా వజ్రంతో పోలికే సరిపోయింది. ఈ సంగతి నాకు చెప్పినామె పేరు వత్సలాబాయి. మంథని బాలికల బడిలో ఆమె పెద్ద టీచరమ్మగా ఉన్న రోజుల్లో నేను ఆమె చేతి కింద పనిచేశాను. ఆమెను చూడనివాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

హైదరాబాదు సంస్థానం పోయి, రాష్ట్రాలు కలిసి, ఆఫీసుల్లో ఉర్దూ కాగితాల మీద తెలుగు కాగితాలు పడుతున్న కాలం అది. వత్సలాబాయి గారి తండ్రి నిజాం సర్కారులో గనుల శాఖలో పనిచేశాడట. ఇంట్లో పిల్లలకు బొమ్మలు లేక రాళ్లతోనే ఆడుకున్నామని ఆమె చెప్పేవారు. హైదరాబాదులో కాలేజీ చదువు పూర్తిచేసి, మంథని దగ్గర పేరున్న దొరల ఇంటికి కోడలిగా వచ్చారు. భర్త వకీలు, మెతక మనిషి. మామగారు పోయాక ఇంటి పెత్తనమంతా అత్తగారిది. ఊరంతా ఆమెను దొరసాని అనే పిలిచేది. దొరల ఇంటి కోడలు బడికి వెళ్లి పాఠాలు చెప్పడమేమిటని మొదట్లో చాలామంది నొసలు చిట్లించారు గానీ, వత్సలాబాయి గారు ఆ నొసళ్ల వైపు చూసినట్టు కనిపించలేదు. మెడలో నల్లపూసల పక్కనే ఒక నల్లతాడుకు చిన్న భూతద్దం వేలాడుతూ ఉండేది. అది కూడా ఏదో హైదరాబాదు నగే అనుకుని చిన్న తరగతుల పిల్లలు గుసగుసలాడుకునేవాళ్లు.

మాది అవుసల ఇల్లు. మా బాపు బంగారు పని చేసేవాడు గానీ, పేరంతా రాళ్లు పొదగడంలోనే. చుట్టుపక్కల ఊళ్లలో కమ్మకో ఉంగరానికో రాయి పొదిగించాలంటే మంథని బజారులో మా కొట్టుకే వచ్చేవాళ్లు. నేను మెట్రిక్ పాసయి, ఆ బడిలో సైన్సు చెప్పే తాత్కాలిక ఉద్యోగానికి వెళ్లినప్పుడు వత్సలాబాయి గారు నన్ను పాఠాల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బల్ల సొరుగులోంచి తెల్లటి రాయి ముక్క తీసి నా ముందు పెట్టి, “ఇదేంది?” అన్నారు. బంగారు పనివాడి బిడ్డను కదా, తెలివి చూపిద్దామనుకుని, “వజ్రం కాదండి” అన్నాను. ఆమె పకపకా నవ్వారు.

“సరోజా, ఈ బల్ల కూడ వజ్రం గాదు. నేను కూడ గాదు. ఏది గాదో ఎవలైన చెప్తరు. ఏందో చెప్పు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాయిని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, బరువు చూసి, గోటితో గీకి చూసి, చివరికి “పలుగురాయి” అన్నాను. “గిట్ల చెప్పాలె” అని ఆమె హాజరు పట్టీ నా వైపు తోశారు. ఆ తర్వాత బడిలో అదే పద్ధతి అని తెలిసింది. ఏ తరగతిలోనైనా ఏ పిల్లయినా ‘అది కాదు టీచర్’ అని జవాబిస్తే ఆమె ఒప్పుకునేవారు కాదు. ‘కాదు’తో మొదలైన జవాబు సగం జవాబు కూడా కాదనేవారు. తప్పు చెప్పినా సరే, ఇది ఫలానా అని చెప్పాలి. పిల్లలు మొదట భయపడేవాళ్లు, తర్వాత అలవాటు పడిపోయేవాళ్లు. నాకు మాత్రం చాలా రోజులు పట్టింది.

ఎండాకాలం వచ్చి గోదావరి సన్నబడ్డాక ఆమె పెద్ద తరగతి పిల్లలను, నన్ను ఏటికి తీసుకుపోయారు. ఒక ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి, నీళ్లు పోసి, చేటలో బియ్యం చెరిగినట్టు తిప్పడం మొదలుపెట్టారు. తేలికైన తెల్ల ఇసుక నీళ్లతో జారిపోయింది. అడుగున నల్లటి పిడికెడు మిగిలింది. భూతద్దం పెట్టి చూడమన్నారు. నల్ల రేణువుల మధ్య అక్కడక్కడా తేనె రంగు చుక్కలు కనిపించాయి, ఆవగింజలో పదోవంతు కూడా ఉండవు. “ఇవి ఈడ పుట్టినయి గావు” అని చెప్పడం మొదలుపెట్టారు. భూమి లోపల రాయి కరిగి ముద్దగా ఉన్న కాలంలో, అది చల్లారుతున్నప్పుడు ఈ రేణువులు గట్టిపడ్డాయట. తర్వాత ఆ కొండలు పైకి వచ్చి, ఎండకు వానకు పొడిపొడి అయి, నదులు ఈడ్చుకొచ్చినా ఇవి మాత్రం అరిగిపోలేదట. మన కొండల కంటే, మన నది కంటే కూడా ఇవే ముందు పుట్టాయని ఆమె అంటే, నా అరచేతిలోని ఆ చుక్కను ఊదేయడానికి కూడా భయమేసింది.

అప్పుడే ఆమె కొంగు ముడి విప్పి, అదే రకం రాయిని పెద్దది చూపించారు. రేగు గింజంత ఉంది, బెల్లం రంగు. తండ్రి ఇచ్చిందట. “సింహళం కెల్లి వచ్చింది. మన ఏట్ల ధూళంత దొరుకుతది, ఆడ ఏట్ల గింజంత దొరుకుతది. దీన్ని ఫారసీల జర్గూన్ అంటరు, బంగారు రంగుది అని. మన బజార్ల నోట్ల పడి జర్కన్ అయ్యింది” అన్నారు. ఆ దేశంలో ఈ బెల్లం రంగు రాళ్లను బొగ్గు నిప్పుల్లో కాల్చితే, కొన్నిటికి రంగు పోయి నీళ్లలా తేటగా అవుతాయట. అలా తేటబడినదాంట్లో పగులు లేకుండా, పెద్దదిగా దొరకడం చాలా అరుదట. దొరికినదాన్ని సానబట్టి ఎండలో పెడితే వజ్రానికి దీటుగా ఏడు రంగులు చిమ్ముతుందట. “మరి తేడా ఎట్ల తెలుస్తది టీచర్?” అని ఒక పిల్ల అడిగింది. “దాని లోపలికి చూడాలె. వెలుగు దీంట్లకు పోంగనే రెండుగ చీలుతది. వజ్రంల చీలది” అన్నారు. ఆ మాట ఆ రోజు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

అర్థమయ్యే రోజు త్వరలోనే వచ్చింది. దొరసాని తన పెనిమిటి ఉంగరాన్ని కొడుక్కు ఇవ్వాలనుకుంది. ఆ ఉంగరంలోని రాయి గోల్కొండ వజ్రమని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. పెద్ద దొర చెయ్యి ఊపుతూ మాట్లాడుతుంటే దాని మెరుపు పంచాయతీలో ఆ చివర కూర్చున్నవాళ్ల కళ్లలో పడేదని చెప్పుకునేవాళ్లు. పాత ఉంగరం వకీలు గారి వేలికి వదులైంది. పైగా అందులో రాయి కూర్చున్నది వెనక మూసేసిన పాతకాలపు గూడులో. ఆయనకు వెనక తెరిచి ఉండే కొత్త రకం కావాలి. పని మా బాపు చేతికి వచ్చింది. బాపు పాత గూడు విప్పి, రాయి వెనక ఉన్న తళుకు రేకును తీసి, రాయిని శుభ్రం చేసి, కొత్త ఉంగరంలో పొదిగి ఇచ్చాడు. మా బాపుకు ఒక పట్టింపు ఉండేది. పాత గూడును తానుగా ఎప్పుడూ కరిగించేవాడు కాదు. మీ వస్తువు మీ చేతికే అని, దాన్ని గుడ్డలో మూటగట్టి కొత్త నగతోపాటు తిరిగి ఇచ్చేసేవాడు. కొందరు దీన్ని చాదస్తమనేవాళ్లు.

వకీలు గారు ఏదో పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ ఉంగరాన్ని అక్కడొక నగల వ్యాపారికి చూపించారు. ఆ వ్యాపారి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది వజ్రం కాదు అనేశాడు. ఆయన తిరిగొచ్చిన మరునాడే దొరసాని కచ్చరం బండి మా కొట్టు ముందు ఆగింది. ఆమె బజారులో దిగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. అంగడి రోజు, బజారు నిండా జనం. ఆ రోజు బడికి సెలవు, నేను కొట్టులోనే ఉన్నాను.

“నా ఇంటి వజ్రం ఏం జేసినవ్రా?” అంది దొరసాని, లోపలికి కూడా రాకుండా.

బాపు పని పీట మీది నుంచి లేచి నిలబడ్డాడు. “మీరిచ్చిన రాయే మీకిచ్చిన దొరసానీ. ఇంకో రాయి నా చేతికి రాలే.”

“గోల్కొండ రాయి నీ చేతిల పడంగనే గాజుపెంక అయ్యిందా? మా ఆయన వేలికి ఉన్నన్ని రోజులు నిప్పుకణిక తీరు మెరిసింది. ఇప్పుడు చూడు, సచ్చిన చాప కన్ను తీరు! దొంగముండాకొడుకా, నమ్మి ఇస్తే రాయిని మారుస్తవా?”

బాపు మళ్లీ అదే మాట అన్నాడు. బండి వెళ్లిపోయింది. చుట్టూ మూగినవాళ్లు ఒక్కొక్కరే జరిగిపోయారు. బాపు కుంపటిలో నీళ్లు చల్లి ఆర్పేశాడు. మరునాటి నుంచి కొట్టుకు జనం వచ్చారు, కానీ పని ఇవ్వడానికి కాదు. ఎప్పటివో నగలు పట్టుకొచ్చి, ‘మాది మాకు సక్కగనే ఇచ్చినవు గదనే’ అని నవ్వుతూ అడిగేవాళ్లు కొందరు. పనికి ఇచ్చినవి చేయకుండానే తిరిగి తీసుకుపోయేవాళ్లు కొందరు. ఆ నవ్వులు తిట్ల కంటే అన్యాయంగా ఉండేవి. మా అవ్వ, అంటే అమ్మ, ఒకటే ఏడుపు. బాపు మాత్రం గోడకు ఆనుకుని తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చునేవాడు. అన్నం ముందు పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు.

నేను నిప్పులు కక్కుకుంటూ బడికి వెళ్లాను. వత్సలాబాయి గారు గదిలో ఒక్కరే ఉన్నారు. “మీ అత్తగారు మా బాపును బజార్ల దొంగ అన్నది” అన్నాను, నమస్కారం కూడా చేయకుండా.

“విన్న” అన్నారు.

“విని ఊకున్నరా? మీరేమంటరు?”

“నేను ఆ రాయిని ఇంత దగ్గర కెల్లి ఎప్పుడూ చూడలే సరోజా. మామగారి వేలు వట్టుకుని భూతద్దం పెట్టి చూసే కోడలు ఏడ ఉంటది? చూడకుండ నేనేమంట?”

“మా బాపు అసుంటి మనిషి గాదు!”

ఆమె పెదవుల చివర నవ్వు రాబోయి ఆగిపోయింది. నేను మళ్లీ ‘కాదు’ అన్నానని నాకూ అప్పుడే తట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. తాను నిలబడే మాట్లాడారు. “నేను చూస్త. అందరి ముందట చూస్త. అత్తమ్మను కూడ తోలుకొస్త. గనీ ఒక్కటి ముందుగాల్నే చెప్తున్న. రాయి మారలేదని తేలితే ఎట్ల చెప్తనో, మారిందని తేలితే గూడ గట్లనే చెప్త. నీ మొఖం చూసి ఆగ. ఇంటికి పోయి మీ బాపును అడిగి రా. ఆయన సరే అంటేనే.”

నేను ఇంటికి పోయి బాపును అడిగాను. “చూడనియ్యి. నువ్వు గూడ పో బిడ్డా. నీ కండ్లతోని నువ్వు చూడు” అన్నాడు.

దొరసానిని వత్సలాబాయి గారు ఎలా ఒప్పించారో నాకు తెలియదు. ఆ ఆదివారం పొద్దున ఆ ముసలామె బడికి వచ్చింది. ఒక చేతిలో ఉంగరం పెట్టె, ఇంకో చేతిలో పాత గూడు మూట. బాపు గుమ్మం దగ్గర నిలబడిపోతే, వత్సలాబాయి గారే కుర్చీ చూపించి కూర్చోమన్నారు. దొరసాని మొహం తిప్పుకుంది. కిటికీ పక్కన వెలుతురులో బల్ల వేశారు. వత్సలాబాయి గారు ముందు తన చెవి కమ్మ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. అది పుట్టింటివాళ్లు పెట్టిన వజ్రపు కమ్మ, అందులో సందేహం లేదు. తర్వాత బాపుతో ఉంగరంలోని రాయిని విప్పించారు. బాపు రాయి మీద చిన్న గీత కూడా పడకుండా తీశాడు.

“సరోజా, ముందు నువ్వు. నేనేమీ చెప్ప. ఏం కనవడితే అది చెప్పు.”

భూతద్దం కంటికి ఆనించుకుని ముందు కమ్మలోకి చూశాను. రాయి పైముఖం గుండా అడుగు పలకల అంచులు గీతల్లా కనిపించాయి. ఒక గీత ఉన్నచోట ఒకటే గీత. తర్వాత ఉంగరపు రాయి. అందులోనూ ఒకటే గీత! నా ప్రాణం లేచివచ్చింది. “ఒక్కో గీతే ఉన్నది” అని దాదాపు అరిచాను. “జర వంచి చూడు” అన్నారు ఆమె. రాయిని కొంచెం వంచాను. నా కళ్ల ముందే ప్రతి గీతా రెండయింది. రైలు పట్టాల్లా పక్కపక్కన జంట గీతలు. రెప్ప వేసి మళ్లీ చూశాను. రెండే. ఏటి ఒడ్డున ఆమె చెప్పిన మాట అప్పుడు అర్థమైంది, ఎందుకు అర్థమైందా అనిపించింది. ఇది వజ్రం కాదు. దొరసాని చెప్పిందే నిజం. ఆ క్షణంలో మా బాపు వైపు తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు. కన్నతండ్రి మీద అనుమానం ఎంత వేగంగా వస్తుందో నాకు ఆ పొద్దు తెలిసింది.

“రెండు గీతలు” అన్నాను.

“నేను జెప్పలే?” అంది దొరసాని.

“మీరు చెప్పింది సగం అత్తమ్మా. ఇది జర్గూన్. సింహళం రాయి. మీరూ చూడాలె.” దొరసాని తనకు చదువు రాదంది. “దీనికి చదువెందుకు? ఇప్పటికీ అద్దాలు లేకుండ సూదిల దారం ఎక్కిస్తరు గద” అని వత్సలాబాయి గారు భూతద్దం ఆమె చేతికిచ్చారు. “లోపటికి చూడకున్రి. పైన అంచులు చూడున్రి. ముందు నా కమ్మ, తర్వాత ఇది.”

దొరసాని చూసింది. చూసిందే చూసింది. “నీ కమ్మ అంచులు కత్తి తీరున్నయి. దీనియి మొండివడ్డయి” అంది.

“వజ్రం అరగది. జర్గూన్ అరుగుతది. ఏండ్లకేండ్లు మనిషి వేలికి ఉంటే, బట్టకు గోడకు రాసుకుని అంచులు పోతయి. నిన్న మొన్న మార్చిన కొత్త రాయైతే అంచులు పదునుగ ఉండాలె. ఇప్పుడు నడుమును చూడున్రి, గూడు కింద దాగి ఉండే జాగ.”

“గాడ పదునుగనే ఉన్నది.”

“అంతట పదునుగ ఉన్నదా?”

ముసలామె రాయిని మెల్లగా తిప్పింది. “లేదు. ఒక్క జాగల ఉన్నట్టుండి కిందిదాక అరిగింది. పైన అంచు తీర్గనే మొండివడ్డది.”

వత్సలాబాయి గారు పాత గూడు మూట విప్పి దాన్ని ఆమె ముందు పెట్టారు. దాని అంచు ఒకచోట ఎప్పుడో విరిగి, అరిగి, సందు పడి ఉంది. పెద్ద దొర బతికుండగానే అలా అయిందని దొరసానికి తెలుసు. తన పట్టుచీర ఆ సందుకు చిక్కుకుని పోగు లేచిందని ఆమే గొణిగింది. “ఇప్పుడు రాయిని అండ్ల పెట్టున్రి. మీ చేతితోనే.” దొరసాని పెట్టింది. తిప్పింది. అరిగిన చోటు గూటి సందుకు సరిగ్గా ఎదురుగా వచ్చింది. సందు ఎంత వెడల్పో, రాయి మీద అరుగుడు అంతే వెడల్పు. వెనక ఉన్న తళుకు రేకే ఇన్నాళ్లూ ఆ మెరుపును రెండింతలు చేసి చూపించిందని, బాపు గూడు తెరవగానే రాయి తన అసలు రూపంతో కనిపించిందని వత్సలాబాయి గారు నెమ్మదిగా చెప్పారు. నేను అప్పుడు బాపు వైపు తిరిగాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

“అయితే నా పెనిమిటి అబద్ధమాడిండంటవా?” అంది దొరసాని.

“రాయి సంగతి నేను చెప్పిన అత్తమ్మా. మనుషుల సంగతి మీకే ఎరుక.”

దొరసాని ఆ గూటిని వేళ్ల మధ్య తిప్పింది. తర్వాత మాటలు వెతుక్కుంటూ చెప్పింది. తాను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మామగారు రామేశ్వరం యాత్ర చేసి వచ్చాడట. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి శంఖాలు, గవ్వలు పంచుతూ ఈ రాయిని కూడా చూపించాడట. “సముద్రం అవతలి రాయి అన్నడు. నేను తలుపు ఎనుక నిలవడి విన్న. గోల్కొండ మాట మా ఆయనది. జాగీర్దార్ల నడుమ కూసున్నప్పుడు ఒకసారి అన్నడు, మళ్ల వెనుకకు తీసుకోలే. నేనూ అనుకుంట అనుకుంట అదే నిజమనుకున్న.” రామేశ్వరానికి ఎదురుగా ఉన్నది సింహళమేనని వత్సలాబాయి గారు చెప్పబోయి ఆగిపోయారు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అంత జరిగాక దొరసాని ఇంటికి వెళ్లిపోతుందనుకున్నాను. వత్సలాబాయి గారు దారికి అడ్డంగా నిలబడ్డారు. “అత్తమ్మా, బజార్ల అన్న మాట బజార్లనే తీసుకోవాలె” అన్నారు. కోడలు అత్తగారితో అలా మాట్లాడడం ఆ రోజుల్లో నేను ఊహించలేని సంగతి. దొరసాని ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. “నువ్వు చెప్తే పోవాల్నా?” అంది. అయినా బండిని మా కొట్టు దిక్కే తోలమంది. మళ్లీ లోపలికి రాకుండానే, వీధిలోనే నిలబడి, అదే గొంతుతో చెప్పింది.

“ఇనున్రి అందరు! గీ రాయి మా ఇంటిదే. గోల్కొండది గాదు, రామేశ్వరం కెల్లి తెచ్చింది. అవుసలాయన చేతిల ఏ తప్పు లేదు. నేను తప్పు మాటన్న.”

ఆ రోజుల్లో ఒక దొరసాని అవుసలాయన గురించి బజారులో నిలబడి అలా చెప్పడం ఎంత పెద్ద మాటో ఇప్పటివాళ్లకు తెలియదు. నాకు ఆమె మీద ఉన్న కోపంలో సగం అక్కడే కరిగిపోయింది. బాపు పీట తుడిచి, “కూసోండ్రి దొరసానీ” అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆ సాయంత్రం బాపు మళ్లీ కుంపటి రాజేశాడు. పని ఏమీ లేదు, ఊరికే రాజేసి దాని ముందు కూర్చుని తనివితీరా ఏడ్చాడు. అవ్వ ఆయన్ని ఆపలేదు, నన్ను కూడా ఆపనివ్వలేదు.

మా ఇంటికి పోయిన మానం తిరిగి వచ్చింది. కానీ దొరల ఇంట్లో గోల్కొండ పోయింది. దాయాదులు నవ్వారు. ఇంటి గుట్టు బజారులో పెట్టిన కోడలని చుట్టాలు వేలెత్తి చూపారు. దొరసాని కోడలిని ఒక్క మాట అనలేదట, కానీ ఆమె చేతి కూడు తినడం మానేసిందట. ఆ ఏడు పరీక్షలు కాగానే వత్సలాబాయి గారు ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూర్ ఏజెన్సీ బడికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. వకీలు గారు వీలు చూసుకుని వెళ్లి వస్తుండేవారు. నేను ట్రైనింగు పూర్తిచేసి, పెళ్లయి, మందమర్రి బొగ్గుగనుల కాలనీలో టీచరుగా చేరాను. పిల్లలు ‘కాదు టీచర్’ అంటే ఒప్పుకోని టీచరుగా నాకూ అక్కడ కొంచెం చెడ్డపేరు వచ్చింది.

ఆమెకు ఒంట్లో బాగాలేదని తెలిసి ఒకసారి ఉట్నూర్ వెళ్లాను. బస్సు దిగి, గిరిజన సంక్షేమ ఆఫీసు జీపు బతిమాలుకుని ఎక్కి, దుమ్ములో మునిగి చేరాను. పెంకుటిల్లు, ముందు ఆవరణలో గోండు పిల్లలు రాళ్లు కుప్పలు పోసి వేరుచేస్తున్నారు. ఆమె సన్నబడి, జుట్టు నెరిసి, మంచం మీద కూర్చుని వాళ్లను అజమాయిషీ చేస్తున్నారు. నన్ను చూసి మురిసిపోయారు. చాయ్ తాగాక, ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న అడిగేశాను.

“ఆ పొద్దు రాయి మారిందని తేలితే నిజంగ చెప్పేటోరా?”

“చెప్పేదాన్ని.”

“చెప్పి?”

“చెప్పి ఏమున్నది? నీ ఎదురుంగ ఆ బడిల కూసునే ధైర్యం నాకు లేదు. వెళ్లిపోయేదాన్ని. ఆ పొద్దు ఇంట్ల కెల్లి బయల్దేరే ముందే ట్రంకుపెట్టె సదిరి పెట్టిన సరోజా. రాయి పాతదే అని తేలితే అత్తగారింట్ల ఉండలేను. కొత్తదని తేలితే బడిల ఉండలేను. ఎటువడి తేలినా నేను పెట్టె వట్టుకునుడే.” అదేదో వంట సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పి, బయట ఒక పిల్లను కేకేసి ఎర్రరాయిని తప్పు కుప్పలో వేసిందని మందలించారు.

ఆ పొద్దంతా నేను మా బాపు గురించే వణికిపోయాను. దొరసాని తన ఇంటి పరువు గురించి వణికింది. బాపు తన పేరు గురించి. ఆ గదిలో తొణక్కుండా నిలబడ్డ మనిషి ఒక్కరే ఉన్నారని, ఆమెకు ఏ రందీ బెంగా లేవు గనుకే అలా నిలబడగలిగారని ఇన్నేళ్లు అనుకున్నాను. “మాకు ఒక్క మాటన్న చెప్పకపోతిరి” అన్నాను ఏడుస్తూ. “చెప్తే నువ్వు రాయిని సక్కగ చూస్తుంటివా?” అని నా చేతిలోంచి చాయ్ కప్పు తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆమె పోయారు.

నేను కూడా పెద్ద టీచరమ్మనై, రిటైరై, ఇప్పుడు ఇంటి దగ్గర నలుగురి తగువులు తీర్చే ముసలిదాన్నయ్యాను. నిజం తెలిసిన మనిషిని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టి, ‘చెప్పమనండి, ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి’ అని జనం నా మీద ఒత్తిడి తెస్తుంటారు. నేను ముందు అందరినీ బయటికి పంపేస్తాను. ఆ మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. చెబితే నీకేం పోతుంది, చెప్పాక ఈ పూట ఎక్కడ తింటావు, ఎక్కడ పడుకుంటావు అని అడుగుతాను. దానికో దారి దొరికాకే నోరు తెరవమంటాను. ఆ ఆదివారం పొద్దున ఇంటి నుంచి బడికి నడిచి వస్తున్న వత్సలాబాయి గారిని ఈ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.